రాజకీయ వంత: కవులు, కళాకారులు, శాస్త్రవేత్తలు రాజకీయం మాట్లాడితే – తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి గ్రంథాలయంలో నెలకోసారి పదిమందిమి కూర్చుని ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఏ పుస్తకం తీసినా మాట తిరిగి తిరిగి ఒకచోటికే వస్తుంది: రాసేవాళ్ళకి, బొమ్మలేసేవాళ్ళకి, ప్రయోగాలు చేసేవాళ్ళకి రాజకీయాలతో పనేమిటి? అక్కడ పెద్దలూ, కాలేజీ పిల్లలూ అడిగిన ప్రశ్నలే ఇవి. కొన్నిటికి జవాబు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

"రాజకీయ వంత" అంటే ఏమిటి? ఆ పేరెందుకు పెట్టారు?

బుర్రకథ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నడుమ కథకుడు తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకి అందెలు తొడుక్కుని కథ నడిపిస్తాడు. అటొకరు ఇటొకరు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒకరిది హాస్యం. ఇంకొకరిని రాజకీయ వంత అంటారు. కథ పల్నాటిదైనా బొబ్బిలిదైనా మధ్యలో ఆపి, ఇవాళ్టి సంగతి లాగి ప్రశ్న వేసే హక్కు ఆ మనిషిది.

నా చిన్నప్పుడు సంక్రాంతికి మా రామాలయం ముందు బొబ్బిలి కథ వేశారు. కోటకి ముట్టడి పడిన ఘట్టం నడుస్తోంది. రాజకీయ వంత డక్కీ మీద చెయ్యి ఆపి, "అన్నా, కోటలో గింజలు నిండుకున్నాయంటే బయట ఫరాసుల ఫిరంగులున్నాయి. మరి మన చౌకడిపోలో కిరసనాయిలు నిండుకుందే, మనల్ని ఎవరు ముట్టడించారన్నా?" అని అడిగాడు. జనం గొల్లుమన్నారు. ముందు వరసలో కుర్చీ వేయించుకు కూర్చున్న డీలరు లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు డిపో తెరిచారు. నాకు ఏడెనిమిదేళ్ళు. కథకి అంత పనుంటుందని తెలిసింది ఆ రాత్రే.

మామూలు మాటల్లో "వంత పాడటం" అంటే ఎదుటివాడు ఏమన్నా తలాడించడం. బుర్రకథలో వంత దానికి తిరుగు. కథకుణ్ణి నిలదీసి, జనం తరఫున అడిగేది ఆయనే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) ఈ కళని ప్రజానాట్యమండలి వేదికల మీద ఊరూరా తిప్పారు. రాజులూ వీరుల కథలు పలికిన గొంతుతోనే బెంగాల్ కరువునీ చెప్పారు. తెలుగువాళ్ళకి కళ పక్కన రాజకీయం కొత్తగా వచ్చి చేరింది కాదు, పాటలోనే దానికో మనిషిని పెట్టుకున్నాం. అందుకే ఆ పేరు.

వాళ్ళ పని వాళ్ళు చూసుకోవచ్చు కదా? నాటకాలు రాసేవాళ్ళకి రాజకీయాలెందుకు?

"కన్యాశుల్కం" అంటే మనకి గిరీశం, మధురవాణి గుర్తొస్తారు. ఆ నాటకం వెనక ఒక జాబితా ఉందని చాలామందికి తెలియదు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. 1034 తేలాయి. గురజాడ 1897లో నాటకం అచ్చువేసినప్పుడు ఆ లెక్కల్ని ఇంగ్లీషు ముందుమాటలో పెట్టారు. ఐదేళ్ళ వయసుకి పెళ్ళయిన ఆడపిల్లలు 99 మంది. నాలుగేళ్ళకి 44. మూడేళ్ళకి 36. రెండేళ్ళకి ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

ఏడాది పిల్ల అంటే సరిగా నడక కూడా రాని పిల్ల. 350, 400 రూపాయలకి బేరం. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు కుదిరేవని ఆయనే రాశారు. ఈ లెక్క చేతిలో ఉన్న మనిషిని "నీ పని నువ్వు చూసుకో" అంటే ఆయన ఏం చెయ్యాలి? ఆయన చూసుకున్నది తన పనే. సుబ్బి పెళ్ళి చూసి మనం నవ్వుతున్నప్పుడల్లా ఆ ముగ్గురు పసిపిల్లలు రంగస్థలం వెనక ఉన్నారనే అనుకుంటాను.

తెలుగునాట రాతకి జైలు ఎప్పుడు మొదలైంది?

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. తెలుగు చేసింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. దేశాన్ని పాడియావుగా, మనల్ని మూతులు బిగించిన లేగదూడలుగా, తెల్లవాళ్ళని గడుసు గొల్లవాళ్ళుగా చెప్పిన ఆయన పద్యం అప్పట్లో నోటినోటికీ పాకింది. నాలుగు పాదాలే. పాలు ఎవరు పితుకుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో పశువుల పాక ఉన్న ప్రతి ఇంటికీ అర్థమైంది. పన్నుల మీద ఎంత పెద్ద వ్యాసం రాసినా ఆ పని జరిగేది కాదు.

ఆ వేడిలోనే వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీ నుంచి బయటికి పంపేసిన విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఏడాది తిరక్కుండా బెజవాడలో "స్వరాజ్య" పత్రిక నడుపుతూ, తిరునల్వేలి కాల్పుల తర్వాత విదేశీ పాలనని క్రూరమైన పులితో పోల్చి రాశారు. 1908లో అరెస్టు. కింది కోర్టు వేసిన శిక్ష చాలదని హైకోర్టు దాన్ని మూడేళ్ళకి పెంచింది. రాతకోసం జైలుకి వెళ్ళిన మొదటి తెలుగువాడిగా ఆయన్నే చెబుతారు.

ఒక నవలని ప్రభుత్వం నిషేధించడమేమిటి? "మాలపల్లి"లో అంత ప్రమాదం ఏముంది?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న ఇదే.

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958) గుంటూరు జిల్లా మనిషి. ఐర్లాండు వెళ్ళి బారిస్టరు చదివి వచ్చారు. పల్నాడులో అడవికి పశువుల్ని తోలినందుకు కట్టే పుల్లరి పన్ను మీద రైతులు తిరగబడినప్పుడు వాళ్ళ పక్కన నిలబడి జైలుకెళ్ళారు. "మాలపల్లి" పుట్టింది రాయవేలూరు జైల్లో.

మంగళాపురంలో రామదాసు అనే మాల కులస్తుడు. చదువుకున్నవాడు, భక్తుడు, తత్వం తెలిసినవాడు. ఆయన కొడుకు సంగదాసు కూలివాళ్ళని కూడగట్టి న్యాయమైన కూలి అడుగుతాడు. భూస్వామి చౌదరయ్య అతన్ని కొట్టి చంపుతాడు. పెద్ద కొడుకు వెంకటదాసు "తక్కెళ్ళ జగ్గడు" పేరుతో పెద్దింటి ధాన్యం కొల్లగొట్టి పేదలకి పంచుతాడు.

తెలుగు నవల అప్పటిదాకా మాలపల్లెలో కాపురం పెట్టలేదు. కూలివాడి ఇంట్లో తెల్లవారుజామున ఏం జరుగుతుందో, పండగనాడు కుండలో ఏం ఉంటుందో, పొలంలో కూలి కొలిచేటప్పుడు కుంచం ఎలా తిరగబడుతుందో ఉన్నవ రాశారు. అదీ పుస్తకాల గ్రాంథికంలో కాదు, గుంటూరు పొలాల భాషలో. సర్కారుకి భయం పుట్టింది అక్కడే. బోల్షివిక్కుల గురించి ఓ ఉపన్యాసం రాసి ఉంటే పట్టించుకునేవారు కాదు. ఇది ఇంటింటి కథ. ఊళ్ళో రాత్రిపూట ఒకరు చదువుతుంటే పదిమంది వింటారు.

1922లో బెల్లంకొండ రాఘవరావు రెండు భాగాలుగా అచ్చువేశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1926లో మద్రాసు శాసనమండలిలో దీని మీద చర్చ జరిగింది. 1928లో కొన్ని మార్పులతో అచ్చుకి ఒప్పుకున్నారు. 1936లో మళ్ళీ నిషేధం. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గం వచ్చాకే ఆ ఉత్తర్వు రద్దయింది. కూలి సరిగా కొలవమన్న ఒక నవల గొంతు పదిహేనేళ్ళలో రెండుసార్లు నొక్కారు.

ఉన్నవ రాసి ఊరుకోలేదు. 1922లోనే గుంటూరులో ఆడపిల్లల చదువుకోసం శారదానికేతనం పెట్టారు. "రాతలు రాస్తారు, చేతలుండవు" అనేవాళ్ళకి నేను మొదట చూపేది ఈయన్నే.

నైజాంలో ఎలా ఉండేది?

అక్కడ రాతకి ప్రాణమే పెట్టాల్సి వచ్చింది. "ఇమ్రోజ్" అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని రాశారు. రజాకార్లని ఎండగట్టారు. 1948 ఆగస్టులో ఒక అర్ధరాత్రి పని ముగించుకుని ఇంటికెళ్తుంటే దారికాచి కాల్చారు, రాసిన చెయ్యి నరికారు. పోలీసు చర్యకి నెల కూడా లేదు. హైదరాబాద్ విలీనం గురించి మాట్లాడేటప్పుడు దాన్ని రెండు మతాల తగాదాగా కుదించేవాళ్ళు ఈ ముస్లిం సంపాదకుడి పేరు ఒక్కసారి తలుచుకోవాలి.

అదే కాలంలో దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ కోటలోని జైల్లో ఉన్నారు. కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడ మీద నిజాముని తిడుతూ పద్యం రాశారు. రాసినందుకు దెబ్బలు తిన్నారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. తల మీద పుస్తకాలు మోసుకుని ఊళ్ళు తిరిగి అమ్మిన మనిషి ఆయన. తర్వాత నిజాం పాలనలోని పల్లె బతుకుని "ప్రజల మనిషి" నవలగా రాశారు.

ఇటు మద్రాసు రాష్ట్రంలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన "మా భూమి" నాటకం తెలంగాణ రైతుల పోరాటాన్ని ఆంధ్ర ఊళ్ళకి తెచ్చింది. 1948లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అప్పటికి స్వతంత్రం వచ్చి ఏడాది కూడా సరిగా గడవలేదు. నిషేధాలు తెల్లవాళ్ళతోనే పోయాయనుకుంటే పొరపాటు.

ఇదంతా చదువుకున్నవాళ్ళ గొడవ కాదా?

కొంత నిజమే. ఆ మాట పడకూడదనే దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. రెండోది విజయవాడలో హోటల్ సర్వర్ చేత, మూడోది విశాఖలో బిచ్చమెత్తుకునే ఒక తల్లి చేత. వాళ్ళ భాష నాకు అన్నిచోట్లా నచ్చదు, కొన్ని కవితలు తిట్లతోనే ఆగిపోయాయి. కానీ మంత్రిగారి కోసం మూడు గంటలు ఎదురుచూసే పుస్తకావిష్కరణ సభలు చూసి చూసి, ఆ మూడు రాత్రుల్ని తలుచుకుంటే గౌరవం పెరుగుతుంది.

శాస్త్రవేత్తలకి రాజకీయాలు తెలియవంటారు. నిజమేనా?

ఇంగ్లండు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ (1892–1964) కథ వినండి. ఆయన కథకి మన కాకినాడలో ఒక ముడి ఉంది, చివర్లో చెబుతాను.

తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనుల్లో గాలి మీద పరిశోధన చేసేవారు. కుర్రవాణ్ణి వెంట గనిలోకి తీసుకెళ్ళి, కప్పు తక్కువగా ఉన్నచోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలో ఆంటొనీ ఉపన్యాసం అప్పజెప్పమన్నారు. కొన్ని పాదాలు చెప్పేసరికి ఎగశ్వాస వచ్చి, కాళ్ళు తేలిపోయి కూలబడ్డాడు. నేల మీద పడ్డాక ఊపిరి మళ్ళీ మామూలుగా ఆడింది. మీథేన్ గాలికన్నా తేలిక, కప్పు కింద చేరుతుంది, నేల దగ్గర మంచిగాలి ఉంటుంది. ఆ పాఠం ఒంటితో నేర్చుకున్నాడు. గని కార్మికుడి చావు ఎలా ఉంటుందో కూడా అదే క్షణంలో తెలిసింది.

పెద్దయ్యాక జన్యుశాస్త్రానికి గణితపు పునాది వేసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అదే మనిషి స్పెయిన్ అంతర్యుద్ధంలో బాంబులు పడుతున్న ఊళ్ళకి మూడుసార్లు వెళ్ళి చూసొచ్చారు. 1938లో వైమానిక దాడుల నుంచి జనాన్ని ఎలా కాపాడాలో పుస్తకం రాశారు. పెరట్లో రేకుల గూడు చాలదు, పేదవాళ్ళు కిక్కిరిసి ఉండే పేటల్లో భూమిలోకి లోతైన ఆశ్రయాలు తవ్వాలని వాదించారు. ప్రభుత్వం ఖర్చు చూసుకుంది. తర్వాత లండన్ మీద బాంబులు కురిసినప్పుడు జనం తమంతట తామే భూగర్భ రైల్వే స్టేషన్లలోకి దిగి పడుకున్నారు.

1939 జూన్‌లో "థెటిస్" జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. లోపల వాళ్ళకి ఏమై ఉంటుందో తెలుసుకోవడానికి హాల్డేన్ ఉక్కు గదిలో తలుపు వేయించుకుని, బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పెరిగేదాకా కూర్చున్నారు. తోడుగా కూర్చున్నవాళ్ళలో స్పెయిన్‌లో పోరాడి వచ్చిన కార్మికులున్నారు. "డైలీ వర్కర్" అనే కార్మికుల పత్రికలో మూడువందలకు పైగా సైన్సు వ్యాసాలు రాశారు. ఆయన సైన్సు పేజీ పక్కపేజీలోనే సమ్మె వార్త ఉండేది. అలా పక్కపక్కన ఉండటమే సబబని ఆయన నమ్మకం.

అంత గొప్పవాడు చెప్పినవన్నీ సరైనవేనా?

కావు. ఈ జవాబు రాయడం నాకు కష్టమే, కానీ దాటేస్తే మోసం చేసినట్టు.

సోవియట్ రష్యాలో లైసెంకో అనే వ్యవసాయవేత్త జన్యుశాస్త్రమే తప్పన్నాడు. స్టాలిన్ అండ దొరికింది. పంట మొక్కల విత్తనాలు ప్రపంచమంతా తిరిగి సేకరించిన నికొలాయ్ వావిలోవ్‌ని అరెస్టు చేశారు. ఆయన 1943లో సరాటోవ్ జైల్లో చనిపోయారు. హాల్డేన్‌కి వావిలోవ్ తెలుసు, 1928లో రష్యా వెళ్ళి కలిశారు. జన్యుశాస్త్రం నిజమో కాదో ప్రపంచంలో ఆయనకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1948లో లైసెంకో పూర్తిగా గెలిచినప్పుడు, బీబీసీ రేడియోలో మిగతా శాస్త్రవేత్తలు ఖండించారు. హాల్డేన్ మాత్రం తప్పుని తప్పని గట్టిగా అనలేకపోయారు. కమ్యూనిస్టు పార్టీ మీద ప్రేమ ఆ మాటని ఆయన గొంతులో ఆపేసింది. రెండేళ్ళకి పార్టీకి దూరమయ్యారు. అప్పటికే ఆలస్యమైంది.

మరి ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి?

పై రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. గనిలో గాలి గురించి, బాంబు గోతుల గురించి హాల్డేన్ కళ్ళారా చూసి, కొలిచి చెప్పారు. ఆ మాట నిలబడింది. లైసెంకో దగ్గర తను కొలిచినదాన్ని పక్కన పెట్టి, పార్టీ మాటకి వంత పాడారు. అది నిలబడలేదు. గురజాడ దగ్గర జాబితా ఉంది. ఉన్నవ దగ్గర పల్నాడు ఉంది. దాశరథి ఒంటి మీద దెబ్బలున్నాయి.

ఒక కవిగారో, సినిమా నటుడో, ప్రొఫెసరుగారో రాజకీయం మాట్లాడినప్పుడు నేను అడిగేది ఒకటే: ఈ సంగతి ఈయన ఎంత దగ్గర్నుంచి చూశారు? పేరు ఎంత పెద్దదో కాదు. పద్యం బాగా రాసినంత మాత్రాన ఆర్థిక విధానం తెలిసిపోదు. అయితే "నీకెందుకు, నోరుమూసుకో" అనే హక్కు మనకీ లేదు. ఓటున్న ప్రతివాడికీ మాటుంటుంది. ఎంత బరువివ్వాలన్నది మాత్రం విన్నవాళ్ళ చేతిలో ఉంది.

వీళ్ళలో ఎన్నికల్లో నిలబడినవాళ్ళున్నారా?

ఉన్నారు. నక్షత్రాల వెలుగు చూసి వాటి వేడి లెక్కగట్టే సూత్రం 1920లో కనిపెట్టిన మేఘనాథ్ సాహా, 1952లో కలకత్తా నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకి గెలిచారు. వరదల్లో మునిగే పల్లెల్లో పెరిగిన మనిషి. నదుల గురించి ఏళ్ళ తరబడి రాస్తూనే వచ్చారు, దామోదర్ లోయ పథకం వెనక ఆ రాతలున్నాయి.

హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ తెలంగాణ రైతుల సాయుధ పోరాటం ముగిశాక 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకి వెళ్ళారు. కాళోజీ నారాయణరావు ఎమర్జెన్సీ దారుణాలకి నిరసనగా సత్తుపల్లిలో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే నిలబడ్డారు. గెలవలేదు. గెలుస్తానని నిలబడలేదు కూడా. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

బిరుదులు, అవార్డులు వెనక్కిస్తే ఏం ఒరుగుతుంది?

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మన మదనపల్లెలో ఉన్నారు. థియొసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆతిథ్యం. ఒక సాయంత్రం పిల్లల మధ్య కూర్చుని "జనగణమన" పాడారు, తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి తనే మార్చి రాశారు. మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారు. అది ప్రశాంతంగా గడిచిన వారం. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. మే నెలాఖరున ఠాగూర్ వైస్రాయికి ఉత్తరం రాసి "సర్" బిరుదు వద్దన్నారు. దానివల్ల చనిపోయినవాళ్ళు తిరిగి రాలేదు. అయితే పంజాబ్‌లో సైనిక పాలన పెట్టి వార్తలు బయటికి పొక్కకుండా మూసిన రోజులవి. పత్రికల వాళ్ళని వెళ్ళనివ్వని చోట జరిగిన సంగతి ఆ ఉత్తరంతో లోకం చెవిన పడింది.

హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ 2015లో పద్మభూషణ్ వెనక్కిచ్చారు. దేశం ప్రజాస్వామ్యం నుంచి పక్కకి పోతోందన్న ఆందోళనతో ఆ పని చేశానన్నారు. దాన్ని సమర్థించినవాళ్ళున్నారు, రాజకీయమని తప్పుపట్టినవాళ్ళున్నారు. నేను గుర్తుచేసేది ఇంకొకటి: యూనివర్సిటీల్లో జ్యోతిషాన్ని సైన్సు కోర్సుగా పెట్టొద్దని 2001లోనే కోర్టుకెక్కిన మనిషి ఆయన. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2004లో ఓడిపోయారు. ఉన్నట్టుండి ఒకరోజు పుట్టుకొచ్చిన కోపం కాదది.

బొమ్మలు, కార్టూన్ల సంగతి?

ఎమర్జెన్సీలో పత్రికల మీద సెన్సారు ఉండగానే, 1975 డిసెంబర్‌లో అబూ అబ్రహాం ఒక కార్టూన్ గీశారు. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని, సంతకం పెట్టిన ఆర్డినెన్సుని తలుపు సందులో ఉన్న మనిషికి అందిస్తున్నారు. ఇంకా ఉంటే కాస్త ఆగమంటున్నారు. ఆ ఒక్క బొమ్మలో ఆ రోజుల రాజ్యాంగం ఎలా నడిచిందో మొత్తం ఉంది. కార్టూనిస్టు శంకర్ అయితే అదే ఏడాది ఆగస్టులో తన వారపత్రికనే మూసేశారు.

ఆడవాళ్ళ ప్రస్తావనే లేదేం?

అడిగినందుకు సంతోషం. నెల్లూరు జిల్లా దూబగుంట కథ చెప్పకపోతే ఈ పేజీ సగమే.

1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు పెట్టారు. అక్కడిచ్చిన వాచకంలో "సీతమ్మ కథ" అని ఒక పాఠం. మొగుళ్ళ సారా వల్ల ఇల్లు గుల్లవుతుంటే, సీతమ్మ ఊరి ఆడవాళ్ళని కలుపుకుని సారా దుకాణం మూయిస్తుంది. అంతే కథ. గొప్ప శిల్పం లేదు, రచయిత పేరు కూడా ఎవరూ అడగలేదు. దూబగుంట ఆడవాళ్ళు కూలి పనికి వెళ్ళొచ్చి, లాంతరు కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఆ పాఠం చదివారు. చదివి, మనమూ చేద్దామన్నారు. సారా బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. నెల్లూరు నుంచి మిగతా జిల్లాలకి పాకింది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పూర్తి మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది పోయింది, ఆ నష్టం వేరే కథ.

తెలుగులో ఏ మహాకావ్యమూ సర్కారు ఖజానాని అంత కదిలించలేదు. సాహిత్య చరిత్రల్లో ఆ పాఠానికి ఒక పేజీ ఇవ్వాలని నా బలమైన కోరిక.

ఇవాళ రాస్తే చట్టం ఏమంటుంది?

రాజ్యాంగం 19(1)(ఎ) మాట స్వేచ్ఛ ఇస్తుంది, 19(2) దానికి హద్దులు చెబుతుంది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా, హింసకి పురికొల్పకపోతే అది రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో చెప్పింది. తెల్లవాళ్ళ నాటి ఆ రాజద్రోహం సెక్షన్ 124ఎని 2022 మేలో పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పేరు లేదు, కానీ దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకి ముప్పు తెచ్చే చర్యల మీద 152 సెక్షన్ ఉంది. రాసేవాళ్ళు దాన్ని చదువుకుని ఉండాలి. ప్రభుత్వోద్యోగులకైతే సర్వీసు నిబంధనలు వేరే ఉన్నాయి: కథ, కవిత రాసుకోవచ్చు, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శిస్తే సంజాయిషీ అడుగుతారు.

విచారణ లేకుండా లోపల పెట్టే చట్టాలు మనకి కొత్త కాదు. 1971లో దిగంబర కవుల్లోని నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజుని ముందస్తు నిర్బంధం కింద అరెస్టు చేస్తే హైకోర్టు విడుదల చేసింది.

మాట్లాడినవాళ్ళకి చివరికి ఏం దక్కింది?

తెల్లదొరతనం మాకొద్దని పాట కట్టి రెండుసార్లు జైలుకెళ్ళిన గరిమెళ్ళ సత్యనారాయణ, స్వతంత్రం వచ్చిన ఐదేళ్ళకి, 1952లో, మద్రాసులో కటిక పేదరికంలో పోయారు. ఆయన పాట పాడి మంత్రులైనవాళ్ళున్నారు. దీనికి నా దగ్గర ఓదార్పు మాట లేదు. ఆ పాట పాడినప్పుడు ఆయన పేరు చెప్పండి, అదొక్కటే అడుగుతాను.

కాకినాడకీ హాల్డేన్‌కీ ఏం సంబంధం?

సూయెజ్ కాలువ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసన చెబుతూ హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు, పంచె లాల్చీ కట్టారు, మాంసం మానేశారు, 1961లో భారత పౌరుడయ్యారు. అక్కడ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. తర్వాత జన్యుశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకుని, గురువుగారి జీవితం మీద పుస్తకాలు రాశారు.

హాల్డేన్ చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిచాయి. క్యాన్సర్ వస్తే దాని మీదే పద్యం రాసి, అనుమానం వచ్చినవాళ్ళు సిగ్గుపడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. 1964 డిసెంబర్ 1న కన్నుమూశారు. బతికున్నప్పుడు తన ఒంటి మీద తనే ప్రయోగాలు చేసుకున్న మనిషి, పోయాక ఆ ఒంటిని వైద్య విద్యార్థులకి ఇచ్చేయమని వీలునామా రాశారు. ఇచ్చింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. గనిలో మీథేన్ పీల్చి కూలబడిన కుర్రవాడి ఎముకలు ఇప్పటికీ అక్కడే, గోదావరి జిల్లాల పిల్లలు డాక్టరీ చదువుకునే చోట ఉన్నాయి.